రిజర్వుడు సీటులో కండువా మారితే వెంట వచ్చేదెవరు?

2024 సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా మండల జడ్పీటీసీ సభ్యుడు మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. మా పేట మనిషే, వరసకు మామ. 2019లో ఆ స్థానం ఎస్సీలకు రిజర్వు కావడంతో నిలబడి గెలిచినవాడు. నెల కిందటే రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆయన గెలిచిన పార్టీ ఓడిపోయింది. "అల్లుడా, పెద్ద చదువు చదువుతున్నవ్ గదా, నువ్వే చెప్పు. కండువ మార్చాల్నా, ఇట్లనే ఉండాల్నా? మల్ల గెలవాలంటె తొవ్వేంది?" అని అడిగాడు.

మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది మేమే మొదలు. పేటలో మాకున్న విలువ కూడా అదొక్కటే. అయినా ఆ రోజు జవాబు చెప్పలేకపోయాం. మా దగ్గరున్నవి రెండు మాటలు. పార్టీ మారడం సిగ్గుమాలిన పని అనేది ఒకటి. రాజ్యాధికారం ఎక్కడుంటే అక్కడికి పోవాల్సిందే అనేది రెండోది. రెండూ మనం సభల్లో చెప్పుకునే మాటలే, రెండూ ఆయన అడిగిన దానికి జవాబు కావు. ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల రిజర్వుడు సీట్లలో పార్టీ మారిన మనవాళ్ళకు ఏం జరిగిందో ఒక్కొక్కటిగా చూస్తూ వచ్చాం. చూసింది ఇక్కడ రాస్తున్నాం.

ముందు సిగ్గు సంగతి. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే రెండు వారాల్లో మూడుసార్లు పార్టీ మారాడు. 'ఆయారాం గయారాం' అనే మాట అక్కడ పుట్టి దేశమంతా పాకింది. ఆ గయాలాల్ దళితుడు. అదే ఏడాది అదే హర్యానాలో రావ్ బీరేందర్ సింగ్ కాంగ్రెస్ వదిలి ముఖ్యమంత్రి అయ్యాడు. పక్కన ఉత్తరప్రదేశ్‌లో చరణ్‌సింగ్ కాంగ్రెస్‌నుంచి తన మనుషుల్ని తీసుకొని బయటికొచ్చి ముఖ్యమంత్రి అయ్యాడు. వాళ్ళ పేర్లు ముఖ్యమంత్రుల పట్టికలోకి ఎక్కాయి. గయాలాల్ పేరు వెక్కిరింతలోకి ఎక్కింది. మేమేదో గయాలాల్‌ను వెనకేసుకు రావడం లేదు. వెంట మనుషులున్నవాడు పార్టీ మారితే ప్రభుత్వం మారుతుంది, లేనివాడు మారితే నవ్వుకోవడానికి ఒక సామెత పుడుతుంది. మొత్తం విషయం ఈ తేడాలోనే ఉన్నదని మాకు తర్వాత తెలిసింది.

చట్టం ఏమంటుందో కూడా తెలియాలి. మన కార్యకర్తల్లో చాలామందికి ఇందులో తికమక ఉంది. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదవ షెడ్యూలు చేరింది. గెలిపించిన పార్టీని తనంత తానుగా వదిలినా, విప్‌ను ధిక్కరించి ఓటేసినా సభ్యత్వం పోతుంది. రాజీనామా కాగితం ఇవ్వకపోయినా నడవడికను బట్టి వదిలినట్టే తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. మొదట్లో మూడోవంతు మంది చీలితే చట్టం ముట్టేది కాదు. 2003 నాటి 91వ సవరణ ఆ సందు మూసింది. మూడింట రెండువంతుల మంది కలిసిపోయే 'విలీనం' సందు మాత్రం అట్లనే ఉంది. పార్టీ గెంటేసిన సభ్యుడు కూడా చట్టం లెక్కలో ఆ పార్టీ సభ్యుడే అని 1996లో ఒక తీర్పు వచ్చింది. అంటే పార్టీ మనిషిని గెంటవచ్చు, ఆ మనిషి మాత్రం ఇంకో గడప తొక్కరాదు.

ఫిర్యాదు తేల్చేది స్పీకరు. ఎన్నాళ్ళలో తేల్చాలో షెడ్యూలులో లేదు. మామూలుగా మూడు నెలలు చాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. 2023లో భారత రాష్ట్ర సమితి తరఫున గెలిచి కాంగ్రెసులోకి పోయారన్న పదిమంది ఎమ్మెల్యేల విషయంలో 2025 జులై 31న మళ్ళీ మూడు నెలల గడువే పెట్టాల్సి వచ్చింది. ఆ పదిమందిలో ఇద్దరు ఎస్సీ సీట్లవాళ్ళు, ఒకరు ఎస్టీ సీటు మనిషి. తీర్పు చెప్పాల్సిన స్పీకరు గడ్డం ప్రసాద్‌కుమార్ కూడా వికారాబాద్ రిజర్వుడు సీటునుంచి గెలిచిన దళితుడే. ఇంకో సంగతి. సభ గడువు ఏడాదిలోపే ఉంటే ఖాళీ అయిన సీటుకు ఉప ఎన్నిక పెట్టరు. అందుకే చివరి ఏడాదిలో రాజీనామా చేసేవాడికి పోయేది కొన్ని నెలల జీతమే. పార్టీ మార్పుల కాలం ఆ ఏడాదే ఎందుకవుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. జడ్పీటీసీ, ఎంపీటీసీలకు అసెంబ్లీ అంత చిక్కు కూడా లేదు. అధ్యక్షుల ఎన్నికనాడు విప్ ఉంటుంది.

చట్టం అందరికీ ఒకటే. ఫలితం ఒకటి కాదు. లెక్క చూద్దాం.

2014లో విభజిత ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ టికెట్ మీద గెలిచినవాళ్ళలో 23 మంది ఎమ్మెల్యేలు ఆ తర్వాతి ఏళ్ళలో తెలుగుదేశంలోకి పోయారు. వాళ్ళలో ఐదుగురు ఎస్సీ సీట్లవాళ్ళు: యర్రగొండపాలెం డేవిడ్‌రాజు, బద్వేలు జయరాములు, గూడూరు పాశం సునీల్‌కుమార్, కోడుమూరు మణిగాంధీ, పామర్రు ఉప్పులేటి కల్పన. ముగ్గురు ఎస్టీ సీట్లవాళ్ళు. 2017 ఏప్రిల్‌లో చంద్రబాబు మంత్రివర్గంలోకి ఆ 23 మందిలోంచి నలుగుర్ని తీసుకున్నారు. భూమా అఖిలప్రియ, అమరనాథరెడ్డి, ఆదినారాయణరెడ్డి, బొబ్బిలి రాజవంశపు సుజయకృష్ణ రంగారావు. ఎనిమిది మంది ఎస్సీ, ఎస్టీల్లో ఒక్కరూ లేరు. 2019 వచ్చేసరికి ఆ ఐదుగురు దళితుల్లో టికెట్ మిగిలింది సునీల్‌కుమార్‌కూ కల్పనకూ మాత్రమే. ఇద్దరూ ఓడారు. డేవిడ్‌రాజు, జయరాములు, మణిగాంధీలకు మారిన పార్టీ మొండిచెయ్యి చూపింది. మంత్రులైన నలుగురు కూడా ఆ ఎన్నికల్లో ఓడిన మాట నిజమే. అయితే వాళ్ళు రెండేళ్ళు మంత్రులుగా ఉండి ఓడారు, చేతిలో టికెట్‌తో ఓడారు.

తెలంగాణలోనూ కథ ఇదే. 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. మూడింట రెండువంతుల లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ లెక్క సరిపోవడానికి నకిరేకల్ దళిత ఎమ్మెల్యే, పినపాక, ఆసిఫాబాద్, ఇల్లెందు ఎస్టీ ఎమ్మెల్యేలు కలిసి నలుగురు కావాల్సి వచ్చారు. వాళ్ళు లేకుంటే మిగిలేది ఎనిమిది మంది, చట్టం ఎనిమిదిని ఒప్పదు. ఆ 12 మందిలో మంత్రి పదవి ఒక్కరికే దక్కింది, సబితా ఇంద్రారెడ్డికి. ఆసిఫాబాద్ ఆత్రం సక్కుకు 2023లో మళ్ళీ పోటీ చేసే టికెట్టే ఇవ్వలేదు.

నకిరేకల్ కథ కొంచెం నిలబడి చూడాల్సింది. నల్లగొండ జిల్లాలో ఒకప్పుడు సీపీఎం కోట అది, నర్రా రాఘవరెడ్డి పలుమార్లు గెలిచిన సీటు. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009నుంచి ఎస్సీలకు రిజర్వు అయింది. ఆ ఏడాది కాంగ్రెస్ నుంచి చిరుమర్తి లింగయ్య గెలిచాడు. 2014లో టీఆర్ఎస్ నుంచి వేముల వీరేశం గెలిచాడు. 2018లో మళ్ళీ లింగయ్య, కాంగ్రెస్ నుంచే, వీరేశాన్ని ఓడించాడు. ఏడాది తిరక్కుండానే లింగయ్య టీఆర్ఎస్‌లోకి పోయాడు. దాంతో టీఆర్ఎస్‌లోనే ఉన్న వీరేశం తనను ఓడించినవాడి వెనక నిలబడాల్సి వచ్చింది. 2023లో టికెట్ లింగయ్యకే ఇచ్చారు. వీరేశం కాంగ్రెసులోకి పోయి, ఆ టికెట్ మీద లింగయ్యను ఓడించాడు. ఇద్దరు దళిత నాయకులు, రెండు పార్టీలు. 2018లో ఎవరు ఏ కండువాతో ఉన్నారో 2023లో అది తిరగబడింది. వాళ్ళిద్దరి మధ్య కొట్లాట మాత్రం అట్లనే ఉంది, వాళ్ళకోసం పేటలో రెండు ముక్కలైన కుటుంబాలు అట్లనే ఉన్నాయి.

ఇదే నియోజకవర్గంలోని నార్కట్‌పల్లి మండలంలో కోమటిరెడ్డి సోదరుల సొంతూరు బ్రాహ్మణవెల్లెంల ఉంది. ఆ అన్నదమ్ముల్లో ఒకరు నల్లగొండనుంచి, ఇంకొకరు మునుగోడునుంచి పోటీ చేస్తారు. సొంతూరు రిజర్వుడు సీటులో ఉన్నందుకు వాళ్ళ రాజకీయానికి వచ్చిన కొరత ఏమీ లేదు. పక్క సీటునుంచి గెలుస్తారు, సొంతూరి సీటులో ఎవరు నిలబడాలో చెప్పగలిగిన స్థానంలోనూ ఉంటారు. ఒక్క నకిరేకల్ అనే కాదు, రిజర్వుడు సీటు అంటే చాలాచోట్ల ఇంతే. సీటు మనది, నియోజకవర్గం వాళ్ళది.

2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో ఎమ్మెల్సీ ఎన్నికలప్పుడు పార్టీకి ఎదురుతిరిగారని వైఎస్సార్ కాంగ్రెస్ ఒకేరోజు నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది. ముగ్గురు రెడ్లు, ఒకరు తాడికొండ రిజర్వుడు సీటు ఎమ్మెల్యే ఉండవల్లి శ్రీదేవి. నలుగురూ తెలుగుదేశం వైపే నడిచారు. 2024లో ఆనం రామనారాయణరెడ్డికి ఆత్మకూరు టికెట్ ఇచ్చారు, గెలిచి మంత్రి అయ్యాడు. కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి తన నెల్లూరు రూరల్ సీటునే నిలుపుకొని గెలిచాడు. మేకపాటి చంద్రశేఖర్‌రెడ్డికి టికెట్ రాలేదు, ఆ మాట దాచడం మా ఉద్దేశం కాదు. శ్రీదేవికీ రాలేదు. ఎన్నికలయ్యాక ఆమెకు మాదిగ సంక్షేమ కార్పొరేషన్ అధ్యక్ష పదవి ఇచ్చారు. ఒకే రోజు, ఒకే నేరం, ఒకే పార్టీలోకి ప్రయాణం. ఒకరికి మంత్రివర్గం, ఒకరికి కార్పొరేషన్.

పార్టీ మారకుండా ఉన్నా గతి వేరుగా లేదు. అదే 2024 ఎన్నికలకు ముందు వైఎస్సార్ కాంగ్రెస్ రిజర్వుడు సీట్ల ఎమ్మెల్యేలను సర్కారు ఉద్యోగుల్ని బదిలీ చేసినట్టు బదిలీ చేసింది. హోంమంత్రిగా ఉన్న తానేటి వనితను కొవ్వూరునుంచి గోపాలపురానికి, గోపాలపురం ఎమ్మెల్యే తలారి వెంకట్రావును కొవ్వూరుకు మార్చింది. మంత్రులు ఆదిమూలపు సురేష్ యర్రగొండపాలెంనుంచి కొండపికి, మేరుగ నాగార్జున వేమూరునుంచి సంతనూతలపాడుకు పోవాల్సి వచ్చింది. నలుగురూ ఓడారు. జనరల్ సీట్లలో మార్పులు జరగలేదని అనం. హోంమంత్రిని సైతం పక్క ఊరికి పంపగలగడం మాత్రం రిజర్వుడు సీటులోనే ఇంత తేలిక. టికెట్ దక్కని నలుగురు దళిత ఎమ్మెల్యేలు, చింతలపూడి ఎలీజా, నందికొట్కూరు ఆర్థర్, పి.గన్నవరం కొండేటి చిట్టిబాబు, పూతలపట్టు ఎం.ఎస్.బాబు, కాంగ్రెసులోకి పోయి తమ సీట్లలోనే నిలబడ్డారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతటా కాంగ్రెస్ ఒక్క శాసనసభ సీటూ గెలవలేదు. ఐదేళ్ళు ఎమ్మెల్యేలుగా ఉన్న ఆ నలుగురు పోతే వెంట పోయిన సర్పంచులెందరు, మండల నాయకులెందరు అని అడిగితే, వచ్చిన ఓట్లే జవాబు.

గెలిచినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. సత్యవేడు ఆదిమూలాన్ని తిరుపతి ఎంపీ సీటుకు పొమ్మంటే పోనని తెలుగుదేశంలోకి వచ్చి సత్యవేడు నుంచే గెలిచాడు. చేవెళ్ళ కాలె యాదయ్య 2014లో కాంగ్రెస్ నుంచి, 2018లో టీఆర్ఎస్ నుంచి, 2023లో బీఆర్ఎస్‌గా పేరు మారిన ఆ పార్టీ నుంచే గెలిచి, 2024లో మళ్ళీ కాంగ్రెసులోకి పోయాడు. కాబట్టి మారితే ఓడతారని సూత్రం ఏమీ లేదు. మేం చూసినంతలో, గెలుపు వచ్చింది గాలి వీచే పార్టీ బి-ఫారం చేతికందినచోట. ఆ ఫారం ఇచ్చేవాళ్ళకు వద్దనిపించిన మరుక్షణం, వెనక్కి తిరిగి చూసుకుంటే తనకంటూ నిలబడేవాళ్ళు ఎక్కడోగానీ కనపడరు.

ఎందుకు కనపడరు? జనరల్ సీటులో ఒక రెడ్డో కమ్మో వెలమో పార్టీ మారితే ఆయనతో ఎవరు పోతారో లెక్కపెట్టండి. సర్పంచులు, సహకార సంఘాల అధ్యక్షులు, రోడ్ల కాంట్రాక్టర్లు, రైసుమిల్లు యజమానులు, బూతులో కూర్చునే ఏజెంట్లు. సగం మంది చుట్టాలు, మిగతావాళ్ళు అప్పులోనో పనిలోనో ఆయనకు కట్టుబడినవాళ్ళు. వీళ్ళంతా రిజర్వుడు సీటులో కూడా ఉంటారు. కాకుంటే ఎమ్మెల్యే మనుషులుగా ఉండరు, పక్క నియోజకవర్గపు నాయకుడి మనుషులుగానో 'ఇన్‌ఛార్జి' మనుషులుగానో ఉంటారు. నందికొట్కూరులో ఎమ్మెల్యే ఒకరు, పార్టీని నడిపించే అగ్రకుల యువనేత ఇంకొకరు అన్న పంచాయితీ ఐదేళ్ళూ పత్రికలకెక్కుతూనే ఉంది. డబ్బు సంగతి సరేసరి. శాసనసభ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం 2022నుంచి పెట్టిన హద్దు 40 లక్షలు. ఆ హద్దు మేరకైనా సొంతంగా పెట్టగలిగే దళిత అభ్యర్థులు ఎందరుంటారు? పెట్టినవాడు ఊరికే పెట్టడు. గెలిచినరోజే మండలానికి ఒకరు చొప్పున పనులు పంచుకుంటారు. ఎమ్మెల్యే సంతకానికి ఉంటాడు.

ఈ ఏర్పాటు వేరు 1932 సెప్టెంబర్ 24న కుదిరిన పూనా ఒడంబడికలో ఉంది. 71 ప్రత్యేక సీట్లు పోయి 148 ఉమ్మడి సీట్లు వచ్చాయి. సంఖ్య పెరిగింది, ఎన్నుకునే చెయ్యి మారింది. అప్పట్లో కనీసం దళిత ఓటర్లే ముందుగా నలుగుర్ని ఎంపిక చేసే ప్రాథమిక ఎన్నిక ఉండేది. రాజ్యాంగం వచ్చాక అదీ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2009నుంచి 48 ఎస్సీ సీట్లు. ఇప్పుడు ఆంధ్రలో 29, తెలంగాణలో 19. వీటిలో ఎక్కడా దళితుల ఓట్లు సగం లేవు. ఒడంబడికకు యాభై ఏళ్ళు నిండిన 1982లో కాన్షీరాం 'చెంచాయుగం' రాశాడు. ఉమ్మడి ఓటు మనకు ప్రతినిధుల్ని కాక చెంచాల్ని ఇస్తుందన్నాడు. ఆ మాటతో మాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ మాటను మనం వాడే తీరుతోనే. ఒక దళిత ఎమ్మెల్యే పార్టీ మారగానే చెంచా అని కొట్టిపారేసి మన పని అయిపోయిందనుకుంటున్నాం. మారకుండా ఉన్నవాడు చెంచా కాడా? బదిలీ చేస్తే నోరెత్తకుండా పక్క సీటుకు పోయినవాడి సంగతి ఏమిటి? మారాలా వద్దా అని ఆలోచించే ఆ రెండు మూడు నెలలే అతని ధర ఎంతని ఎవరైనా అడిగే కాలం. మిగతా నాలుగున్నర ఏళ్ళు అతన్ని ఎవరూ ఏమీ అడగరు. ఆ రెండు మూడు నెలల్లోనూ బేరం అతని పదవి గురించే నడుస్తుంది. శ్మశానానికి దారి, అసైన్డు భూమి, సబ్‌ప్లాన్ నిధులు ఆ బేరంలోకి రావు. పేట అక్కడ కూర్చొని ఉండదు కాబట్టి రావు. పేటను అక్కడ కూర్చోబెట్టే పని మన సంఘాలు ఎన్ని చోట్ల చేశాయి? ఈ ప్రశ్న మాకు మేమే వేసుకుంటున్నాం.

జడ్పీటీసీకి ఇంకో ఇరకాటం ఉంది. ఎమ్మెల్యే సీటు పునర్విభజన దాకా రిజర్వుడుగానే ఉంటుంది. స్థానిక సంస్థల్లో రిజర్వేషన్ తిరుగుతూ ఉంటుంది. మా మామ ఏ పార్టీలో ఉన్నా ఆ స్థానం మళ్ళీ ఎస్సీలకే ఉంటుందన్న భరోసా లేదు. జనరల్‌కు పోతే ఏ పార్టీ ఆయనకు బి-ఫారం ఇవ్వదు. ఈ సంగతి ఆయనకు మాకంటే బాగా తెలుసు. అందుకే అడిగాడనుకుంటాం.

ఈసారి ఊరికి పోయినప్పుడు ఇవన్నీ చెప్పాం. అప్పటికే ఆయన కండువా మార్చి నాలుగు నెలలయింది. వెంట ఎవరెవరు వచ్చారని అడిగితే, "మనోళ్ళు పదిహేను మంది వచ్చిన్రు, అంతే" అన్నాడు. ఆ సాయంత్రమే పేటలో కూర్చున్నప్పుడు మా పెద్దమ్మ ఆయన్ని అడిగింది. "నువ్వు పోయినవ్ సరే బిడ్డా, నీకోసం మేం ఊళ్ళె ఎవర్నైతే ఎదిరిచ్చినమో వాళ్ళ పార్టీలకే పోతివి. ఇప్పుడు మా పేర్లు ఎవరు రాస్తరు?" ఆయన తల వంచుకొని మంచినీళ్ళు తాగాడు. తర్వాత నెలకు ఇళ్ళ జాబితా వచ్చింది. మా పేటనుంచి ఇద్దరి పేర్లున్నాయి. ఇద్దరూ మాజీ సర్పంచు పొలంలో జీతమున్నవాళ్ళే.